కొమ్మ మీద రాయి

విజిల్ ఎడమ వైపు నుంచి వినిపించింది.

అది కుడి వైపు నుంచి, మేము ఎక్కి వచ్చిన దారిలోంచి వినిపించాలి. వెనక రావలసిన నలుగురూ ఆ దారినే రావాలి. ఎడమ పక్కన మంచు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆ మంచు కింద ఏముందో మాకెవరికీ తెలియదు. మాకు దారి చూపిస్తున్న గురుబారికి తెలుసు. ఆమె చేతిలోని నీళ్ళ సీసాను రాతి మీద పెట్టి, తల ఒక పక్కకు వంచి వింది. రెండోసారి విజిల్ వచ్చింది. పొడుగ్గా, ఆగకుండా.

"అటేపు దారి నేదు," అంది. ఎవరితోనూ కాదు, తనలో తను.

ప్రమాదం నాకు తెలిసిన క్షణం అదే. మిగిలిన వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను నా చేతిలో ఉన్న కర్ర వంక చూసుకున్నాను.

ఐదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. పైకి కనిపించదు. ఇంటి పని చేసుకుంటాను, పిల్లల్ని చదివిస్తాను, పెళ్ళిళ్ళకు వెళ్ళి నలుగురితో నవ్వుతాను. ఎవరైనా అరకు మాట ఎత్తితే మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. నాకు కొండలంటే భయం అని మా ఇంట్లో అందరూ అనుకుంటారు. అలా అనుకోనిచ్చాను. అది సులువు కదా. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా చుట్టూ తిప్పి ఏదో అన్నానే గాని సూటిగా అనలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇందరిలో మీకు చెప్పగలుగుతున్నాను.

మేం విశాఖలో ఉంటాం. ఆ ఏడు చలికాలంలో మా ఆయన ఆఫీసు వాళ్ళు కుటుంబాలతో కలిసి అరకు వెళ్దామన్నారు. ఒక రోజు ఊరు చూడడం, ఒక రోజు కొండ ఎక్కడం. ఏ కొండో ఇక్కడ రాయను. హిమాలయాలు కావు కదా, మన కొండలే, చీర కట్టుకుని కూడా ఎక్కేయొచ్చు అన్నారు మూర్తి గారు. మా ఆయనకు పై అధికారి ఆయన. ఆ ప్రయాణమంతా ఆయన ఏర్పాటే. అంతకు ముందు ఒకసారి ఆ కొండ సగం దాకా ఎక్కారట.

నేను జీవితంలో ఎక్కిన పెద్ద ఎత్తు సింహాచలం మెట్లు. అదీ పెళ్ళికి ముందు. ఇద్దరు పిల్లలు పుట్టాక ఒళ్ళు వచ్చింది. మూడో అంతస్తు ఎక్కితే ఆయాసం. అయినా వస్తానన్నాను. ఎందుకన్నాను? ఆఫీసు వాళ్ళ ఇళ్ళల్లో మిగిలిన ఆడవాళ్ళు వెళ్తున్నారు కాబట్టి. "నువ్వు పిల్లలతో గెస్ట్‌హౌస్‌లో ఉండిపోకూడదా," అని మా ఆయన అన్నారు కాబట్టి. ఆ మాట ఆయన ప్రేమగానే అన్నారు. నాకు మాత్రం నీ వల్ల కాదు అన్నట్టు వినిపించింది. అప్పటికి మా పాపకు ఐదేళ్ళు, బాబుకు రెండు నిండలేదు. ఇద్దర్నీ మా అత్తగారి దగ్గర గెస్ట్‌హౌస్‌లో వదిలి, కొత్త బూట్లు వేసుకుని బయల్దేరాను. ముందు ఆదివారమే కొన్నవి. కొత్త బూట్లతో కొండెక్కకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదేమో.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పొద్దున్నుంచి నేను మంచినీళ్ళు తాగలేదు. దారిలో ఆడవాళ్ళు వెళ్ళడానికి చోటు ఉండదని భయం. మగవాళ్ళకు ఇది తట్టదు. ఆడవాళ్ళం ఒకరికొకరం చెప్పుకోం. నాతో వచ్చిన వాళ్ళలో ఎంతమంది అలాగే దాహంతో ఎక్కారో నాకు తెలియదు.

కొండ కింద చిన్న ఊరు. వలిసె చేలు పసుపు పచ్చగా పూసి ఉన్నాయి. అక్కడ గెస్ట్‌హౌస్ వాళ్ళు కుదిర్చిన గురుబారి మా కోసం నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, పొట్టిగా, నడుముకు కత్తి దోపుకుని ఉంది. ఆవిడకు సాయంగా రావలసిన ఇంకో మనిషికి జ్వరం వచ్చిందట. దానికి తోడు టిఫిన్ పొట్లాలు తెచ్చే జీపు ఆలస్యమైంది. ఎండెక్కితే కష్టం, కొందరు ముందు వెళ్ళండి, మిగిలిన వాళ్ళం టిఫిన్ తీసుకుని వెనక వస్తాం అని మూర్తి గారు తేల్చారు. వెనక వచ్చే నలుగురిలో, ఆపదొస్తే ఊదడానికి మెడలో విజిల్ వేసుకున్న ఆయన, ఆఫీసులో కొత్తగా చేరిన శైలజ అనే అమ్మాయి, ఇంకో ఇద్దరు.

అప్పుడు గురుబారి అందర్నీ దగ్గరకు పిలిచి ఒక మాట చెప్పింది. దారి రెండుగా చీలిన చోటల్లా, ముందు వెళ్ళేవాళ్ళు వెనక వచ్చేవాళ్ళ కోసం ఒక గుర్తు పెట్టడం వాళ్ళ అలవాటు. సంతకు వెళ్ళినా, అడవికి చీపురు పుల్లకు వెళ్ళినా అంతే. వెళ్ళకూడని దారికి అడ్డంగా ఒక పచ్చి కొమ్మ నరికి పెడతారు. గాలికి పడిన కొమ్మ అనుకోకుండా దాని మీద ఒక రాయి పెడతారు.

"ఏ దారికి కొమ్మ అడ్డంగా ఉంటాదో, దాని మీద రాయుంటాదో, ఆ దారంట ఎల్లకండి. అది మనది కాదు. పిల్లలకైనా మావు ముందు నేర్పేది ఇదే," అంది.

ఆ మాట చెప్తున్నప్పుడు నేను ఫోన్‌లో ఉన్నాను. సిగ్నల్ అందే చివరి చోటు అదే. మా అత్తగారు మాట్లాడుతున్నారు. "గుంటడి ఒళ్ళు కొంచెం ఎచ్చగుందమ్మా. కంగారు పడకు, పాలు తాగేడు. నువ్వు బేగి వచ్చీ," అంటున్నారు. నా చెవి ఆవిడ మీదే ఉంది.

ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. నేను ఫోన్‌లో ఉన్నాను, ఆ మాట వినలేదు. కానీ వినలేదా? వినకపోతే ఇప్పుడు మీకు ఇంత వివరంగా ఎలా రాస్తున్నాను? తర్వాత అందరూ వందసార్లు చెప్పుకోగా తెలిసింది కావచ్చు. అయితే "రాయుంటాదో" అని ఆమె చేతిని బోర్లించి చూపించిన తీరు నా కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆ చేతిని తర్వాత ఎవరూ నాకు చూపించలేదు.

బయల్దేరే ముందు ఆమె ఒక వెదురు కర్ర తెచ్చి నా చేతికివ్వబోయింది. మా గుంపులో ఇంకెవరికీ ఇవ్వలేదు. నన్ను చూడగానే ఆమెకు తెలిసిపోయినట్టుంది.

"కర్ర పట్టుకోండమ్మా. దిగినప్పుడు మోకాలికి బాగుంటాది."

వద్దన్నాను. నా వయసుకు కర్రేమిటి అన్నాను. అందరూ చూస్తున్నారు. ఆమె కర్రను గోడకు ఆనించి నడక మొదలుపెట్టింది.

నాలాంటి వాళ్ళు కొండ మీద ఎలా ఓడిపోతారో ఆ రోజు నేర్చుకున్నాను. గురుబారి మెల్లగా నడిచింది. విసుగొచ్చేంత మెల్లగా. మేమంతా ఆమెను దాటి గబగబా ఎక్కాం, ఫోటోలు తీసుకున్నాం, కాఫీ తోటల్లో పళ్ళు తెంపి నోట్లో వేసుకున్నాం. అరగంట తిరక్కుండా ఆమె అదే నడకతో ఒక్కొక్కళ్ళనూ దాటుకుంటూ ముందుకు వెళ్ళింది. నేను అందరికన్నా వెనకబడ్డాను. చెవుల్లో గుండె కొట్టుకుంటోంది. కాలి బొటనవేలు బూటుకు తగిలి తగిలి మండుతోంది. నాలుగడుగులు వేయడం, ఆగడం. ఆగినప్పుడు ఫోటో తీస్తున్నట్టు నటించడం. బాబు ఒళ్ళు ఇప్పుడు ఎలా ఉందో. జ్వరం పెరిగితే అత్తగారు ఏం చేస్తారు? ఇక్కడ డాక్టరు ఉంటాడా? నేనెందుకు వచ్చాను? ఈ ఆలోచనలన్నీ ఆ ఆయాసంలోనే. మా ఆయన రెండుసార్లు ఆగి చూశారు. మూడోసారి, నువ్వు నెమ్మదిగా రా, పైన ఉంటాం అని చెప్పి వెళ్ళిపోయారు. తప్పేం లేదు. నేనే వెళ్ళమన్నాను.

దారి చీలిన చోటుకు వచ్చేసరికి నేను ఒక్కదాన్నే ఉన్నాను.

కుడి పక్కన పైకి మావాళ్ళు కనిపిస్తున్నారు. మా ఆయన ఎర్ర స్వెట్టరు స్పష్టంగా కనిపిస్తోంది. ఎడమ పక్క దారి చదునుగా, వెడల్పుగా ఉంది. ఎవరైనా అదే అసలు దారి అనుకుంటారు. ఆ దారికి అడ్డంగా ఒక కొమ్మ. వంకర లేకుండా, నా భుజమంత పొడుగు. కొనలో ఆకులు ఇంకా వాడలేదు. మొదలు మీద ఒక రాయి పెట్టి ఉంది.

నేను ఆ కొమ్మను చూసి ఏమనుకున్నాను? దీని గురించి ఎన్నిసార్లు ఆలోచించానో. కర్ర దొరికింది అనుకున్నాను. అంతే. గోడకు ఆనించి వచ్చిన ఆ వెదురు కర్ర గుర్తొచ్చింది. ఇప్పుడు ఎవరూ చూడడం లేదు కాబట్టి పట్టుకోవచ్చు అనుకున్నాను. రాయిని కాలితో తోశాను. అది గడ్డిలోకి దొర్లింది. కొమ్మ తీసుకుని ఆకులు దూసేశాను. అరచేతులకు పచ్చటి పసరు అంటింది. నాలుగు అడుగులు వేసి చూశాను. చాలా హాయిగా ఉంది.

గాలికి పడిన కొమ్మ మీద రాయి ఎందుకుంటుంది? ఆ ప్రశ్న నాకు అప్పుడు రాలేదని ప్రమాణం చేయలేను. వచ్చిందేమో. వచ్చి, నిలబడకుండా పోయిందేమో. నాకు దారి కనిపిస్తోంది. మా ఆయన స్వెట్టరు కనిపిస్తోంది. నా వెనక ఇంకో నలుగురు వస్తారన్న సంగతి నా మనసులో ఎక్కడా లేదు. ఇంట్లో అందరి గురించీ, జరగని వాటి గురించి కూడా, రాత్రీ పగలూ కంగారు పడే మనిషిని. ఆ ఒక్క నిమిషం ఎవరి గురించీ ఆలోచించలేదు.

పైకి చేరాక మా ఆయన నన్ను చూసి నవ్వారు. "బామ్మగారికి కర్ర దొరికిందే," అన్నారు. అందరూ నవ్వారు. గురుబారి అప్పుడు అటు తిరిగి ఎవరికో నీళ్ళు పోస్తోంది. చూసిందో లేదో.

ఆ తర్వాత పావుగంటకు విజిల్.

గురుబారి పరుగెత్తింది. ఎక్కినప్పుడు అంత మెల్లగా నడిచిన మనిషి, ఆ రాళ్ళ మీద వట్టి కాళ్ళతో దూకుతూ మంచులోకి వెళ్ళిపోయింది. మా ఆయన, ఇంకో ఇద్దరు మగవాళ్ళు ఆమె వెనకే వెళ్ళారు. మిగిలిన వాళ్ళు బండ అంచుకు వెళ్ళి పేర్లు పెట్టి పిలుస్తున్నారు. నేను కర్ర కొస చూశాను. ఏటవాలుగా, నున్నగా ఒక్క వేటుకు తెగిన గాటు. విరిగింది కాదు, నరికింది. అటూ ఇటూ చూశాను. ఎవరూ నా వైపు చూడడం లేదు. బండకు అవతలి పక్కకు వెళ్ళి ఆ కర్రను లోయలోకి విసిరేశాను. చెట్ల మీద పడిన చప్పుడు కూడా రాలేదు.

కొమ్మ తీయడం తెలియక చేసిన పని అనుకుందాం. ఇది? ఇది తెలిసి చేశాను.

ఎడమ దారి చీపురు పుల్లకు వెళ్ళేవాళ్ళ దారట. కొంత దూరం చక్కగా వెళ్ళి ఒక వాలు బండ దగ్గర ఆగిపోతుంది. బండ మీద నాచు. ముందు నడుస్తున్న శైలజ జారింది. రెండు నిలువుల కింద ఒక చెట్టు మొదలుకు తగిలి ఆగింది. కుడి చీలమండ విరిగింది. ఇంకా కిందకు జారి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. ఊళ్ళోంచి మనుషులు దుప్పటి, వాసం తెచ్చి డోలీ కట్టారు. వాసం ఒక కొస దిగినంత సేపూ గురుబారి భుజం మీదే ఉంది. మగవాళ్ళు మారుతుంటే కూడా ఆమె మారలేదు. శైలజ ఏడుస్తోంది. నేను పక్కనే నడుస్తూ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. నన్ను అందరూ మెచ్చుకున్నారు.

శైలజను జీపులో పంపేశాక ఊళ్ళో నూతి పక్కన అందరం నిలబడ్డాం. ఊరి వాళ్ళు కూడా చుట్టూ చేరారు. మూర్తి గారికి భయమంతా కోపంగా మారింది.

"కొమ్మ పెట్టావా లేదా?" అన్నారు.

"ఎట్టినాను బాబూ," అంది గురుబారి.

"ఏదీ మరి? దారి చీలిన చోట ఆగి మరీ చూశాం. నలుగురం కళ్ళున్నవాళ్ళమే. కొమ్మా లేదు, రెమ్మా లేదు."

"నరికి ఎట్టినాను. రాయి కూడా ఎట్టినాను. ఎట్టకుండా నానెలా ఎల్తాను?"

"అయితే రాయికి కాళ్ళొచ్చి నడిచిపోయింది."

మావాళ్ళలో ఎవరో నవ్వారు. ఊరి వాళ్ళు నవ్వలేదు. గురుబారి మొహంలో నాకు కోపం కనిపించలేదు. అర్థం కాని తనం కనిపించింది. మా అందర్నీ ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చి నా దగ్గర ఆగింది.

"అమ్మా, మీరు అందరికన్నా ఎనక వచ్చినారు గదా. మీరు సూసుంటారు. ఆ కొమ్మ సూసినారా?"

అందరూ నా వైపు తిరిగారు. ఆ క్షణంలో నాకు ఏం కనిపించిందో చెప్తాను. మూర్తి గారి మొహం. ఆయన చేతిలో ఉన్న మా ఆయన బదిలీ. శైలజ వాళ్ళ అమ్మ ఫోన్ చేస్తే నేను ఏం చెప్పాలి అన్నది. పోలీసు కేసు అవుతుందా అన్నది. జ్వరంతో ఉన్న నా బాబు. ఇవన్నీ ఒక్కసారే కనిపించాయి. ఎదురుగా నిలబడి ఉన్న మనిషి మాత్రం కనిపించలేదు.

"నేను చూడలేదు," అన్నాను.

గొంతు కూడా వణకలేదు.

ఆమె చూపు నా మొహం మీద నుంచి నా చేతుల మీదకు దిగింది. పసరు ఇంకా పోలేదు. నేను పిడికిలి మూశాను. ఆమె నన్ను మళ్ళీ చూసింది. తర్వాత మూర్తి గారి వైపు తిరిగి చాలా మెల్లగా అంది.

"అయితే నానే ఎట్టనేదేమో బాబూ."

ఆ మాట ఎందుకంది? నన్ను నమ్మి, తన చేతుల్ని తను నమ్మడం మానేసిందా? లేక అంతా తెలిసి, పట్నం వాళ్ళ నోటితో గెలవలేనని వదిలేసిందా? నన్ను కాపాడిందా? ఎందుకు కాపాడాలి, నేనెవరిని ఆమెకు? ఈ ప్రశ్నల్లో ఏది నిజమైతే నాకు తక్కువ నొప్పిగా ఉంటుందో వెతుక్కుంటూ ఐదేళ్ళు గడిపాను. ఏదీ తక్కువ కాదు.

ఆ రాత్రి గెస్ట్‌హౌస్‌లో బాబు జ్వరం తగ్గింది. మర్నాడు రైల్లో సొరంగాలు లెక్కపెడుతూ పాప అడిగింది, ఆంటీ ఎందుకు పడిపోయింది అని. దారి చూపించే ఆవిడ గుర్తు పెట్టడం మర్చిపోయింది అని చెప్పాను. ఎవరూ నన్ను ఆ మాట చెప్పమనలేదు. తెలియదు అంటే సరిపోయేది.

మూర్తి గారు ఆ గెస్ట్‌హౌస్ ఇంటర్నెట్ పేజీలో ఒక్క స్టారు మాత్రమే ఇచ్చి, గైడ్ నిర్లక్ష్యం వల్ల ప్రాణాల మీదకు వచ్చిందని పేరుతో సహా రాశారు. ఆ ప్రయాణం కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి అందరూ లైక్ కొట్టండి అన్నారు. కొట్టాను. శైలజకు ఆపరేషన్ అయింది, ప్లేట్లు వేశారు. యాపిల్ పళ్ళు తీసుకుని చూడడానికి వెళ్ళాను. ఆవిడ ఒక్క కొమ్మ పెట్టి ఉంటే చాలు కదక్కా అంది ఆ అమ్మాయి. నేను తలూపాను. ఇప్పుడు బాగానే నడుస్తుంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటుంది.

మా ఆయన ఆ కర్రను చూశారు కదా అని మీరు అడగొచ్చు. చూశారు. దాని మీద జోక్ కూడా వేశారు. విని నవ్విన వాళ్ళెవరికీ ఆ కంగారులో ఆ కర్ర గుర్తు రానట్టుంది. ఆయనకు గుర్తుందా? రెండూ కలిపి ఆలోచించారా? ఐదేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ కర్ర మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒక మంచం మీద పడుకుంటాం. ఆయనకు తెలుసేమో అని నాకు అనుమానం, నా అనుమానాన్ని ఆయన కనిపెట్టారేమో కూడా తెలియదు. మంచి మనిషి. అడిగితే నిజం చెప్తారు. అందుకే అడగను.

కిందటేడు పిల్లలు పట్టుబడితే మళ్ళీ అరకు వెళ్ళాం. కాఫీ తోటల్లో గంటసేపు నడక, చిన్నపిల్లలు కూడా నడిచేది. ఆ కొండ కాదు, దానికి దగ్గర్లోనే. ముప్పై ఏళ్ళ మనిషి ఒకతను తీసుకెళ్ళాడు. నవ్వుతూ మాట్లాడతాడు. పిల్లలకు బాగా నచ్చాడు. దారి చీలిన చోట ఆగి, ఒక కొమ్మ నరికి అడ్డంగా పెట్టి, దాని మీద రాయి పెట్టాడు. ఇదెందుకు అని మా పాప అడిగింది. చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు.

"మా ఊరి ఆడమనిసి ఒకత్తి ఉంది, గురుబారని. మా అందరికీ దారి నేర్పిందే ఆవిడ. ఒక్కపాలి కొమ్మెట్టడం మర్సిపోనాది. పట్నం నుంచొచ్చిన అమ్మకి కాలిరిగిపోనాది. ఆ దెబ్బకి ఆవిడి పేరే పోనాది. ఇప్పుడు మా ఊర్లో ఎవులేది మర్సిపోయినా ఏటంటారో తెల్సా పాపా? గురుబారి కొమ్మెట్టినట్టుంది అంటారు."

పిల్లలు పగలబడి నవ్వారు. మేమూ ఆ రోజు ఉన్నాం అన్నారు మా ఆయన, ఏదో గొప్ప విషయంలా. ఆవిడ ఇప్పుడేం చేస్తోందని అడిగారు. కాఫీ పళ్ళు ఏరే కూలికి వెళ్తుందని, కొండకు ఎవరూ పిలవరని, పుల్లకు వెళ్ళినప్పుడు కూడా ఊరి ఆడవాళ్ళు ఆవిడను ముందు నడవనివ్వరని చెప్పాడు. ముందు నడిచేవాళ్ళే కదా కొమ్మ పెట్టాలి.

నేను వెనక నిలబడి ఉన్నాను. అతను మూడడుగుల దూరంలో ఉన్నాడు. ఆవిడ ఇల్లు ఎక్కడ అని అడిగితే చూపించేవాడు. నోరు తెరిచాను. నీళ్ళ సీసా ఇవ్వమని బాబును అడిగాను.

రెండోసారి కూడా అదే చేశాను చూడండి. మొదటిసారి కంగారు అనుకోవచ్చు. రెండోసారి నాకు కంగారు లేదు, జ్వరంతో ఉన్న బిడ్డ లేడు, మూర్తి గారు లేరు. ఎండ కాస్తోంది. పిట్టలు అరుస్తున్నాయి. తాపీగా ఆలోచించుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు ఈ రాత్రి ఎందుకు రాస్తున్నానో చెప్తాను.

ఇవాళ సాయంత్రం బాబు స్కూల్లో హోంవర్కు డైరీ మర్చిపోయి వచ్చాడు. పాప వాడి నెత్తిన ఒక మొట్టికాయ వేసి, "గురుబారి కొమ్మెట్టినట్టుంది నీ పని," అంది. వాడు నవ్వాడు. మా ఆయన నవ్వారు. కిందటేడు నుంచి మా ఇంట్లో ఇది మామూలు మాట అయిపోయింది. అత్తగారు కూడా అంటారు. పాలు పొంగిపోతే, తాళాలు మర్చిపోతే, గ్యాసు బుక్ చేయకపోతే. ఎన్నోసార్లు విన్నాను. ప్రతిసారీ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఇవాళ మాత్రం పాప అన్నప్పుడు, వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. నటన కాదు. నిజంగా నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా నాకు నేను వినిపించాను.

అంటే అలవాటు పడిపోయానన్నమాట. ఇంకో ఏడాది పోతే ఆమె నిజంగానే మర్చిపోయిందని నేను కూడా నమ్ముతానేమో. నా పిల్లలు పెద్దవాళ్ళై, వాళ్ళ పిల్లల్ని కూడా ఆ మాటతోనే వెక్కిరిస్తారు. గురుబారి అంటే ఎవరో ఎవరికీ గుర్తుండదు, ఆమె మర్చిపోయిన మనిషి అన్నది మాత్రం ఉంటుంది. దారి గుర్తు పెట్టడం బిడ్డలకు ముందుగా నేర్పే ఊళ్ళో, ఆ ఒక్క పనీ చేతకానిదిగా ఆమె పేరు మిగిలిపోతుంది.

నేను ఆమె దగ్గరకు వెళ్తానని మీకు మాట ఇవ్వడం లేదు. ఇస్తే అది కూడా అబద్ధం అవుతుందేమోనని భయం. వెళ్ళి చెప్పినా ఆ ఊరి నోట్లోంచి ఆ మాట వెనక్కి వస్తుందా? క్షమించమని అడిగే అర్హత నాకు ఎక్కడిది? ఇవి వెళ్ళకపోవడానికి నేను వెతుక్కుంటున్న సాకులు కూడా కావచ్చు. అదీ రాస్తున్నాను. పైన "రాయిని కాలితో తోశాను" అని రాసినప్పుడు కలం ఆగింది. చాలాసేపు ఆగింది. రాశాక మాత్రం, చెప్పుకోకూడదు గాని, ఊపిరి కాస్త కిందకు దిగింది. ఐదేళ్ళలో ఆ వాక్యం మొదటిసారి నా బయట ఉంది. ఇంతకన్నా నాకు ఏమీ దొరకలేదు. ఇంతకన్నా దొరకకూడదు కూడా.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. తెల్లవారాక ఈ నాలుగు మాటలు కలుపుతున్నాను.

పొద్దున పిల్లలిద్దరూ టిఫిన్ దగ్గర కూర్చున్నారు. స్కూలు వ్యాను రావడానికి ఇంకా టైముంది. మా ఆయన పేపరు చూస్తున్నారు. బాబు నిన్నటి డైరీ గురించే బెంగగా ఉన్నాడు. అక్క మళ్ళీ ఆ మాట అనబోయింది. నేను పొయ్యి ఆపి వచ్చి వాళ్ళ ఎదురుగా కూర్చున్నాను. ఆ మాట మన ఇంట్లో ఇక ఎవరూ అనొద్దు అన్నాను. ఎందుకని పాప అడిగింది. పేపరు చప్పుడు ఆగింది. నేను మా ఆయన వైపు చూడలేదు. పాప కళ్ళలోకి చూస్తూ చెప్పాను. గురుబారి ఏమీ మర్చిపోలేదమ్మా. ఆ రోజు ఆవిడ కొమ్మ పెట్టింది, దాని మీద రాయి కూడా పెట్టింది. తీసేసింది నేను. చూశావా అని ఆవిడ నన్ను అడిగితే, చూడలేదని చెప్పింది కూడా నేనే.